కోటలో క్వార్టర్లు

రైల్వే పాస్ ఫారంలో మా వదినకి ఒక వరస ఉండేది. ముందు మా ఆయన పేరు, దాని కింద నాది, దాని కింద మా అమ్మాయిది, అన్నిటికన్నా అడుగున ఆవిడది. బంధుత్వం అన్న గడిలో ‘వితంతు సోదరి, పూర్తిగా ఆధారపడినది’ అని రాసేవారు. ఏటేటా మా ఆయన ఆ మాట కింద సంతకం పెట్టేవారు. అలా ఇరవై ఎనిమిదేళ్ళు పెట్టారు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ఆ ఫారం అచ్చువేసినవాళ్ళకి తెలియదు కదా.

వదిన మా ఆయనకి సొంత అక్క, ఆరేళ్ళు పెద్ద. మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు వచ్చింది. బాలాసోర్‌లో బియ్యం మిల్లులో పనిచేసే ఆవిడ భర్త జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. పిల్లల్లేరు. ఒక ట్రంకు పెట్టెతో ఖరగ్‌పూర్‌లో మా క్వార్టర్ ముందు రిక్షా దిగి, “నాల్రోజులుండి ఎల్తానే” అంది. నేను అప్పుడే కాలనీలో తెలుగు బడిలో టీచరుగా చేరాను. పిల్లని ఎవరికి అప్పజెప్పాలో తెలియక రోజూ ఏడుస్తున్నాను. ఆ నాలుగు రోజులూ ఇంకా అవ్వలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి పిల్ల స్నానం చేసి, అన్నం తిని, ఆదివారం చర్చిలో పాడే పాట ఏదో సగం పలుకుతూ ఉండేది. నేను టీచరుగా రిటైరయ్యానంటే ఆ పుణ్యం ఆవిడదే. ఈ ముక్క ఆవిడ మొహం మీద ఒక్కసారీ అనలేదు. నాకు నోరెక్కువ, కానీ అది ఇలాంటి వాటికి తెరుచుకోదు.

మా ఆయన డివిజన్ ఆఫీసులో గుమాస్తా. మొన్న ఫిబ్రవరి ఆఖరుకి రిటైరయ్యారు. ఆ తరువాత నాలుగు నెలల్లో క్వార్టర్ ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. విశాఖపట్నంలో రెండు పడగ్గదుల ఫ్లాట్ ఒకటి ముందే చూసిపెట్టుకున్నాం. ఒక గది మాది. రెండోది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయీ అల్లుడూ వచ్చినప్పటికి. ఏడాదికి పది రోజులు వస్తే గొప్ప. అయినా ఆ గదికి మంచం, బీరువా, గోడ రంగు అన్నీ మనసులో అమరిపోయాయి. అందులో వదిన లేదు.

ఆవిడని ఇచ్ఛాపురంలో ఉన్న మా మరిది దగ్గర ఉంచుదామని మేమిద్దరం అనుకున్నాం. మా ఆయన ఫోన్ చేసి అడిగితే మా మరిది, “తీసుకొస్తే కాదంటామా” అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో తెలియనంత అమాయకులం కాదు. తెలియనట్టు ఊరుకున్నాం. ఇక ఆవిడకి చెప్పడం ఒకటే మిగిలింది.

“నువ్వే సెప్పు. ఆడోళ్ళూ ఆడోళ్ళూ మాట్లాడుకుంటే సులువు” అన్నారు మా ఆయన.

“మీ అక్క కదండీ!”

“అందుకే” అన్నారు.

రిటైరయ్యే ముందు తీసుకోవాల్సిన ఆఖరి ఉచిత ప్రయాణపు పాస్ ఒకటి మిగిలింది. రిటైరయ్యాక వచ్చే పాస్‌లో అక్కకి చోటుండదని ఆఫీసులో ముందే చెప్పారు. అందుకని జనవరిలో ఒక ఊరు చూపించి, ఆవిడ మనసు బాగున్నప్పుడు మెల్లగా చెప్దామని నేను పథకం వేశాను. బడిలో చెడ్డ మార్కులు చెప్పేముందు పిల్లకి చాక్లెట్ ఇచ్చే టీచర్లంటే నాకు ఒళ్ళు మంట. సరిగ్గా అదే చేశాను.

“అప్పా, ఈసారి ఊరు నువ్వు సెప్పు” అన్నారు మా ఆయన. అక్కని మా ఇంట్లో అప్ప అంటారు.

ఆవిడ ఆలోచించుకోలేదు. ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకుందో! “రాజులు ఎల్లిపోయినా మనుసులు ఇంకా కాపరాలుంటన్న కోట ఉందట గదా, ఎడారిలో. టీవీలో సూపించినాడు. అక్కడికి” అంది.

“జైసల్మేరా? అంత దూరమా! అక్కడేటుంది వదినా, ఇసుక తప్ప?” అన్నాను.

“కోటలో వంటిల్లు ఎలగుంటాదో సూడాల” అంది.

హౌరా వెళ్ళి, అక్కడ బండి మారి జోధ్‌పూర్, మళ్ళీ మారి జైసల్మేర్. రైల్వేవాళ్ళ ప్రయాణం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. మా ఆయన బండి ఎక్కీ ఎక్కగానే కిటికీ పక్కన కూర్చుని, ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు లేటో తన సొంత బండి అయినట్టు బాధపడుతుంటారు. వదిన పులిహోర, చపాతీలు, ఎండు కొబ్బరి పొడి కట్టి, నాలుగు సీసాల నిండా ఇంటి నీళ్ళు తెచ్చింది. ఎదుటి బెర్తులో సిపాయి ఒకడు సెలవు అయిపోయి బోర్డర్‌కి వెనక్కి వెళ్తున్నాడు. వాడికి పులిహోర పెట్టి, “ఖావో బేటా, ఖావో” అని ముక్కలు ముక్కలుగా వాడి ఊరు, తల్లి, పెళ్ళి సంబంధం అన్నీ రాబట్టింది.

చెప్పడానికి నాకు చోట్లు దొరక్కపోలేదు. ఆగ్రా దాటాక మా ఆయన పైబెర్తు ఎక్కి పడుకున్నారు. నేనూ వదినా పక్కపక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. ఎక్కడైనా బఠాణీలు చవగ్గా కనబడితే ఆవిడ కొనేస్తుంది, వండే పొయ్యి ఉన్నా లేకపోయినా. నేను నోరు తెరిచాను. “వదినా, జూన్ తరువాత...” అన్నాను.

“జూన్‌లో ఎండ పేల్సేస్తాది. సామాన్లు మే లోనే సర్దేసుకోవాల” అంది, ఒలుపు ఆపకుండా. నేను నోరు మూసుకున్నాను. ఆవిడ మాట మళ్ళించిందని అప్పుడు నాకు తట్టలేదు.

కోట దూరం నుంచే కనిపించింది. ఊరికి నడుమ రాతి గుట్ట, గుట్ట మీద అదే రంగు గోడ, గోడలోంచి పొట్టలు పొట్టలుగా ముందుకొచ్చిన బురుజులు. గుట్ట ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో చెప్పలేం. పొద్దున్న ఎండలో అదంతా శనగపిండి రంగులో ఉంది. బురుజుల పైన గుండ్రటి రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. శత్రువు ఎక్కివస్తే నెత్తిన దొర్లించడానికట. ఎనిమిది వందల ఏళ్ళ కింద కట్టిన కోటలో ఆ రాళ్ళు ఇంకా సిద్ధంగా కూర్చుని ఉన్నాయి. మా ఆయన గోడ దగ్గర ఆగి, సున్నం లేకుండా రాయిలోకి రాయి ఎలా దిగిందో వేలు పెట్టి చూడడం మొదలుపెట్టారు. అది ఒక గంట పని అని మాకు తెలుసు. “మీరు నిదానంగా రండి” అని మేం ముందుకు నడిచాం.

లోపలికి పోవడానికి ఒకదాని తరువాత ఒకటి నాలుగు ద్వారాలు. దారి వంకర తిరుగుతూ ఎక్కుతుంది. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపుని గుద్దకుండా ఆ వంకర పెట్టారని ఎవరో గైడ్ తన గుంపుకి చెబుతుంటే మేమూ ఉచితంగా విన్నాం. నాలుగో ద్వారం దాటగానే చౌకు అనే పెద్ద కూడలి, అక్కడి నుంచి సందులు. నేను పుస్తకాల్లో చదివిన కోటలన్నీ చచ్చిపోయిన కోటలు. లోపల గబ్బిలాలూ, గోడల మీద ప్రేమికుల పేర్లూ ఉంటాయి. ఇక్కడ కుక్కర్ కూత వినిపించింది. చెక్కిన రాతి కిటికీకి తడి లంగా ఆరేసి ఉంది. ఆవు ఒకటి సందు మొత్తం తనదే అన్నట్టు నిలబడితే స్కూటర్ మీద వచ్చినాయన దిగి, దాన్ని బతిమాలి, మళ్ళీ ఎక్కాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత పాత ఊరు ఇంత మామూలుగా బతుకుతోందంటే ఎందుకో చాలా సంతోషం వేసింది.

వదిన మాత్రం సంతోషం పడ్డం లేదు, తనిఖీ చేస్తోంది. మురికి నీళ్ళ గొట్టం ఎక్కడికి పోతోందో చూసింది. కరెంటు మీటర్లు లెక్కపెట్టింది. ఒక గుమ్మం పక్కన గోడ మీద రంగులతో వినాయకుడి బొమ్మ, కింద పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, తారీకు రాసి ఉన్నాయి. ఇక్కడ ఇంట్లో పెళ్ళయితే శుభలేఖ గోడకే రాస్తారట. వదిన దాని ముందు చాలాసేపు నిలబడింది.

“మనం ఒక మేకు కొట్టాలంటే ఇన్‌స్పెక్టర్‌ని అడగాల. ఈళ్ళు గోడంతా రాసేసినారే!” అంది.

రెండో మలుపులో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని, పళ్ళెంలో ఎండబెట్టిన సన్న చిక్కుళ్ళలాంటివి ఏరుతోంది. ఆ ప్రాంతంలో చెట్టు కాయలు ఎండబెట్టి కూర చేస్తారట. ఎవరైనా పని చేస్తుంటే మా వదిన చేతులు ఊరుకోవు. ‘దీదీ’ అంటూ పక్కన చతికిలబడి తనూ ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ వింతగా చూసి, నవ్వి, పళ్ళెం కొంచెం ఇటు జరిపింది. నేను అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాను.

ఆ తరువాత మాటలన్నీ హిందీలోనే జరిగాయి. కానీ మా వదిన హిందీ, సగం బెంగాలీ కలిసినా, నా చెవికి మా ఇంటి తెలుగులాగే వినిపిస్తుంది. అలాగే రాస్తున్నాను.

“దీదీ, మీదే డిపార్టుమెంటు?” అంది వదిన.

పెద్దావిడకి అర్థం కాలేదు.

“అదే, ఈ ఇల్లు మీకు ఏ పోస్టుకి ఇచ్చినారు?”

నాకు నవ్వు ఆగలేదు. వదిన దృష్టిలో ఇదంతా రాజుగారి కాలనీ. మధ్యలో పెద్ద బంగళా రాజుగారిది, అంటే డివిజన్ మేనేజర్‌ది. చుట్టూ ఆఫీసర్ల ఇళ్ళు, వెనక సందుల్లో మాలాంటి వాళ్ళవి. క్వార్టర్లో పుట్టి, క్వార్టర్లో పెరిగినవాళ్ళకి ఇల్లంటే ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయేదే. అయితే తమాషా ఏమిటంటే వదిన మరీ తప్పేమీ అనలేదు.

“మా మామగారి తాతలకి తాత రాజుగారి ధాన్యం కొట్టు చూసేవాడు. అప్పుడిచ్చారు ఈ ఇల్లు” అంది పెద్దావిడ.

“అలగనండి. స్టోర్స్ డిపార్టుమెంటు” అని వదిన తలాడించింది. “మరి ఆయన రిటైరైనాక?”

“రిటైరవడం ఏమిటి! పోయాడు.”

“పోయినాక ఖాళీ సేయలేదా?”

“ఎందుకు చేస్తాం?”

“మరి ఆయన జాగాలో కొత్తగా వచ్చినాయనకి ఏ ఇల్లిచ్చినారు?” వదిన గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. అన్ని తరాల కింద ఎవరో కొత్త ఉద్యోగి పెళ్ళాం పిల్లలతో, సామాన్లతో ఆ నాలుగు ద్వారాల దగ్గర నిలబడిపోయాడన్నట్టు.

పెద్దావిడ పళ్ళెం పక్కన పెట్టి నవ్వింది. “కొత్తాయన ఎవరు తల్లీ? ఆయన కొడుకే!”

“ఓ! తండ్రి పోతే కొడుక్కి పోస్టు. మా దగ్గరా ఇస్తారు” అని వదిన ఊపిరి పీల్చుకుంది. ఆ కొత్త ఉద్యోగికి ఇల్లు దొరికినందుకు ఆవిడ మనసు కుదుటపడింది.

అప్పుడు పెద్దావిడ అడిగింది. “మరి మీ ఇల్లు?”

“నాకు ఇల్లు నేదు. పుట్టింది మా నాన్న క్వార్టర్లో. పదిహేనేళ్ళు బాలాసోర్‌లో అద్దిల్లు. తరవాత మా తమ్ముడి క్వార్టర్. అదీ జూన్‌లో ఇచ్చేయాల.” ఇందులో ఏడుపేమీ లేదు, రేషన్ కార్డు వివరాలు చెబుతున్నట్టు చెప్పింది.

“ఆ తరువాత?” అంది పెద్దావిడ.

ఇన్ని నెలల్లో ఆ మాట వదినని ఎవరూ అడగలేదు. మేం అడగలేదు. అడగాల్సి వస్తుందనే చెప్పకుండా తప్పించుకు తిరిగాం. వెయ్యి మైళ్ళ అవతల, మొహం తెలియని మనిషి చిక్కుళ్ళు ఏరుకుంటూ అడిగింది.

“మా తమ్ముడూ మరదలూ విశాఖపట్నం ఎల్తారు. నాను సూసుకున్నానులే దీదీ. మా చర్చిలో నాతో పాడే ఒకాయమ్మ మా ఊళ్ళోనే పూరీ గేట్ దగ్గర ఉంటాది. వెనక వరండా మూసి గది సేయించింది. అక్కడుండమంది. నా కుట్టు మిషనూ, గిన్నెలూ ఇప్పటికే ఆ ఇంట్లో పెట్టేసినాను.”

“నీ వాళ్ళు నిన్ను రమ్మనలేదా?”

వదిన ఇంకో కాయ ఏరి పక్కన పెట్టింది. మెట్టు మీద నేనున్నానని తెలుసు. నా వైపు చూడకుండానే అంది: “ఆళ్ళు మంచోళ్ళు దీదీ. రెండే గదులు. వద్దని సెప్పనేక నెల్లాళ్ళబట్టి బాధ పడిపోతన్నారు. ఊరు సూసినాక నానే సెప్దామనుకున్నాను, ఆళ్ళు సెప్పే పని నేకండా.”

ఇక్కడ నిజం రాయాలి. అది వినగానే ముందు నాకు కలిగింది సిగ్గు కాదు. హాయి. హమ్మయ్య, నేను చెప్పక్కర్లేదు, ఇచ్ఛాపురం గొడవ లేదు, ఆవిడే చూసుకుంది అన్న హాయి. అది ఒక్క క్షణమే ఉండి ఉంటుంది, కానీ ఉంది. ఆ తరువాత వచ్చిన సిగ్గుకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ సామాన్లు ఒక్కొక్కటే ఇంట్లోంచి వెళ్ళిపోతుంటే, ఎవరికో వాడుకోవడానికి ఇచ్చిందనుకున్నాను. మిషను ఉండే చోట ఖాళీగా ఉంటే అక్కడ మా ప్యాకింగ్ డబ్బాలు పెట్టాను.

పెద్దావిడ లేచి, “రండి, టీ తాగుదురుగాని” అని లోపలికి పిలిచింది. వంటిల్లు చిన్నది. మందపు గోడ, గోడలోనే చెక్కిన అరలు, పైన వెలుతురుకి ఒక చిన్న కన్నం, గ్యాస్ పొయ్యి. వదిన గుమ్మంలో నిలబడి అంతా కళ్ళారా చూసింది. “మనదీ ఇంతే ఉంటాది” అంది, కొంచెం నిరాశగా.

టీ తాగి బయటపడ్డాక కోట గోడ మీదికి వెళ్ళాం. కింద ఊరంతా అదే పసుపు రాయితో పరుచుకుని ఉంది. గాలి చల్లగా కొడుతోంది. మా ఆయన ఇంకా ఏ గోడ దగ్గర ఉన్నారో. నేను ఇక ఆగలేకపోయాను.

“వదినా, ఆ రెండో గది నీదే. నువ్వు మాతోనే వస్తన్నావు. పూరీ గేట్ లేదు, ఏటీ లేదు.”

“మీ ఆయన్నడిగినావా?”

“అడగక్కర్లేదు.”

ఆవిడ కొంగు తలమీదికి లాక్కుంది. కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ గొంతు గట్టిగానే ఉంది. “ఒద్దులే అమ్మీ. ఊరు సూడ్డానికొచ్చినప్పుడు అందరి మనసూ మెత్తగానే ఉంటాది. ఇప్పుడు రమ్మంటే నాను రాను. ఇంటికెల్లినాక, ఒంట్లో బాగోనప్పుడు, పని తెమలక నీకు సిరాకెత్తినప్పుడు, అప్పుడు కూడా ఈ మాటే వస్తే సూద్దాం.”

నేను ఏదో అనబోయాను. “సాల్లే” అని నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నేను నడవడం అదే మొదటిసారి అనుకుంటాను.

తిరుగు ప్రయాణంలో మా ఆయనతో చెప్పాను. ఆయన, “నాకు మొదట్నుంచీ మనసులో అదే ఉంది. నువ్వేటంటావోనని ఊరుకున్నాను” అన్నారు. నేనేమంటానోనని ఆయన, ఆయనేమంటారోనని నేను. ముప్పై ఒక్కేళ్ళ కాపురం చేసి ఇద్దరం కలిసి ఆ ముసలామెని ఇంట్లోంచి పంపించేయబోయాం. ఆ కోపంలో ఆయనతో జోధ్‌పూర్ నుంచి జైపూర్ దాకా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తాలంటే నాకే భయం వేసింది. బాగున్న రోజు అంటే ఆవిడ నమ్మదు. బాగోలేని రోజు నాకు గుర్తుండదు. ఫిబ్రవరి వెళ్ళింది, మార్చి వెళ్ళింది. ఆవిడ ట్రంకు పెట్టె గుమ్మం దగ్గరికి చేరింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున్న, వర్క్‌షాప్ సైరన్ మోగే వేళకి, ఇంట్లో నీళ్ళు రాలేదు. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ప్యాకింగ్ వాడు రాలేనని ఫోన్ చేశాడు. వదిన నెమ్మదిగా వచ్చి, పాత గుడ్డలు పారేయాలా ఉంచాలా అని మూడోసారి అడిగింది. నాకు తిక్క రేగింది.

“నన్నెందుకు చంపుతావు వదినా! అక్కడ నీ గదిలో నీ గుడ్డలు పెట్టుకుంటావో, పారేసుకుంటావో నీ ఇష్టం! అన్నిటికీ నేనే కావాలా?” అని అరిచాను.

అరిచి, నేను పప్పు గిన్నె తోముకుంటూ ఉండిపోయాను. ఏమన్నానో నాకే తెలియదు. తిరిగి చూస్తే ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

“ఎండలో ఎక్కడికి?” అన్నాను, ఇంకా కోపంగానే.

“పూరీ గేట్‌కి. ఆయమ్మకి గదొద్దని సెప్పొస్తాను” అంది.